మూడో పిన్ను

కాయితం కావాలా, పరీక్ష కావాలా?
అడిగాడు యేసుపాదం గారు
కళ్ళజోడు పైనుంచి చూస్తూ.
కాయితమైతే లాడ్జి సెంటర్లో జిరాక్సు షాపు,
స్టాంపుతో కలిపి రెండొందలు.
పరీక్షయితే
చెప్పులు విప్పకుండా లోపలికి రా.

నేను షేక్ నాగుల్ మీరాని.
నాగుల్ మీరా సౌండ్స్, ఏటుకూరు రోడ్డు.
ఎనిమిది బేసులు, నాలుగు టాపులు, మూడు యాంప్లిఫయర్లు,
ఒక టాటా ఏసు, దాని మీద ఇంకా పదకొండు కిస్తీలు.
ఆ రెండొందల కాయితం అప్పటికే నా జేబులో ఉంది.
పేరు మార్చారు గానీ
ఊరు మార్చడం మర్చిపోయారు.
నా సామాను నరసరావుపేటలో పాసయిందట,
నేను కొనకముందే.
కొత్త ఫంక్షన్ హాలు మేనేజరు
అందరిలా ఫైల్లో పడేయకుండా
నా ఖర్మకొద్దీ చదివాడు.

షెడ్డు మిర్చి యార్డు వెనకాల.
మూత విప్పగానే యాంప్లిఫయర్లోంచి
రెండు సీజన్ల కారం లేచింది.
ఆయన తుమ్మాడు, నేను తుమ్మాను,
వైర్లు పట్టుకున్న అంకమ్మరావు
తుమ్మలేక నవ్వలేక కూలబడ్డాడు.
ఆ ఎర్రపొడిని వేలితో తీసి
"కూరలో వేసుకోవచ్చు" అన్నాడు పెద్దాయన, నవ్వకుండా.

తర్వాత ప్లగ్గు తిప్పి చూశాడు.
ఆ తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

మూడు కాళ్ళుండాల్సిన చోట రెండే.
పైనుండే లావుపాటి పిన్ను మొదలంటా కోసి ఉంది.
ఎవడు కోశాడు?
నేనే.
మూడేళ్ళ కింద, పొన్నూరు పెళ్ళిలో
బాక్సులు గుయ్యిమంటుంటే
"ఎర్తు తీసెయ్, సైలెంటయిపోద్ది" అన్నారెవరో.
ఆక్సా బ్లేడు, పది రాపిళ్ళు.
నిజంగానే సైలెంటయింది.
ఆ రాత్రి గుంటూరు జిల్లాలో
నన్ను మించిన మెకానిక్కు లేడనుకున్నా.

ఆ ఏడే, పాడే పిల్ల మైకు దించి
పెదవి తుడుచుకుంటూ అంది:
"అన్నా, మైకు కొరుకుతోంది."
అందరం నవ్వాం.
నేను ఇంకాస్త గట్టిగా.

మెగ్గరు పిడి గిరగిరా తిప్పితే
ముల్లు లేవలేదు.
ఇంకో ఐదొందలు ఇస్తానన్నాను.
ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచాడు.
మణికట్టు నించి మోచేతి దాకా
కరిగి గడ్డకట్టిన మైనంలా చర్మం.
"లైన్ క్లియరని రాసిచ్చారు నాకు, సంతకంతో సహా.
కాయితం మీద చచ్చింది లైను.
స్తంభం మీద బతికే ఉంది."
ఐదొందలూ మళ్ళీ జేబులో పెట్టుకున్నాను.

మూడు రోజులు పట్టింది.
ప్లగ్గులు మార్చాడు, చీమలు కొరికిన కేబుళ్ళు కోసి పారేశాడు,
బోర్డులో ట్రిప్పరు బిగించాడు.
గుయ్యిమనే రోగానికి మందు వేరే ఉందన్నాడు,
సిగ్నలు తీగ మధ్య అరచేతిలో పట్టే ట్రాన్స్‌ఫార్మరు.
"చెవిపోటొస్తే పీక కోసుకుంటారట్రా?"
ఒక్కోదానికి నంబరు, తేదీ, ఆకుపచ్చ స్టిక్కరు.
ఎర్ర స్టిక్కరు పడింది మాత్రం
మా ఇంట్లో టీవీకి పీటయింది.

కొరిటెపాడు రిసెప్షను.
పాట ఊపులో ఉండగా వాన.
పందిరి కింద చీలమండల దాకా నీళ్ళు,
ఆ నీళ్ళలో ఎక్స్‌టెన్షన్ బాక్సు,
దానికోసం వంగిన అంకమ్మరావు.
టప్.
మొత్తం ఆగిపోయింది.
ఈలలు, బూతులు,
పెళ్ళికొడుకు బాబాయి నా మీదికొచ్చి
పదిహేనొందలు కోసేస్తానన్నాడు, కోశాడు కూడా.

చీకట్లో, నీళ్ళలోంచి వాడి గొంతు:
అన్నా, ఏమైంది?
ఏమీ కాలేదురా, అన్నాను.
వాడు విన్నాడని తెలిసీ
ఇంకోసారి అన్నాను.