చీటీల లేని సంగతి

ఎంజీఎం ఓపీల మూడేండ్ల సంది అడుగుతనే ఉన్నరు:
మింగుతుండా, నిద్ర పోతుండా,
ఎన్నిసార్లు పడ్డడు, గిలాస పట్టుకుంటుండా.
చీటీల హంటింగ్టన్ అని రాసిండ్రు,
నా నోట్ల తిరగదు ఆ పేరు.
మార్కండి నా పక్కన బెంచీ మీద
భుజం ఒకదిక్కు, మోకాలు ఒకదిక్కు ఎగురుకుంట
కూసుంటడు, కూసోలేక.

కొత్తవాడల అందరికి తెలుసు, తాగుతడని.
తాగడు.
నాడె చెయ్యి తప్పిన నాడు
జంపఖానా అంచు వంకర పోయింది,
సేటు ఎనకకు పంపిండు.
ఆ వంకర జంపఖానా మీదనే పండుకుంటున్నం,
ఆయన గోడ దిక్కు, నేను తలుపు దిక్కు,
నడుమ రెండు దిండ్లు.
మోచెయ్యి తాకి నా పెదవి పగిలిన రాత్రి
ఆయనే పెట్టిండు.
తెల్లారేదాక ఏడ్సిండు.
నేను నిద్రపోయినట్టు పండుకున్న.

రెండేండ్లాయె.
గోలీ ఏసుకుంటే చేతులు నిమ్మలమైతయి,
అన్నీ నిమ్మలమైతయి.
నలభై నాకు. నా లోపల నిమ్మలం లేదు.
భద్రకాళమ్మ ముందట కూడ ఈ మాట అనలే,
లైన్ల ఎనకామె వింటదని.

మొన్న ఒక కొత్త డాక్టరమ్మ, సన్నగ, దగ్గుకుంట,
ఆయన్ను బయట నడిపించమని పంపి
తలుపు దగ్గరికేసి
"మీ ఇద్దరి సంగతి ఎట్లుంది?" అన్నది.
ఏ సంగతి మేడం?
"రాత్రి సంగతి."
ఫ్యాను దిక్కు చూసిన. అది తిరుగుతలేదు.
తర్వాత ఏమేం చెప్పిన్నో యాది లేదు,
కొంగు తడిసింది.

రోగం ఒకలకు కోరిక ఆర్పుతదట,
ఒకలకు ఆగకుంట రాజేస్తదట.
గోలీ మోతాదు మార్చి చూద్దామన్నది,
దిగులుకు వేరే మందున్నదన్నది,
పొద్దుగాల, అలుపు లేనప్పుడు అన్నది.
దిండు నడుముకు పెట్టుకోవాలెనట, నడుమ కాదు.
పిల్లలకు సగం సగం అవకాశమన్నది.
మా పిల్లగాడు పదో తరగతి.
ఆ సంగతి ఇంక అడగలే నేను.

"రాజేస్తది" అన్నకాడ మామ యాదికొచ్చిండు.
అత్త రాజవ్వ చిక్కుడుకాయ ఈనెలు తీస్తుంటే
పక్కన కూసోని చెప్పిన.
ముప్పయ్యారేండ్లకే వాకిట్ల మంచమేసుకున్న మనిషి,
దిండు కింద కొడవలి పెట్టుకొని.
ఓదెలు మామకు పగలు లేదు, రాత్రి లేదు,
ఇంట్ల సుట్టాలున్నరని లేదు.
"చెడిపోయిండనుకున్న," అన్నది అత్త.
చేతిల కాయ చేతిలనే ఉన్నది.
"పోయేటప్పుడు నీళ్లడిగిండు.
చెంచతోని పోసిన. చెయ్యి పట్టుకోలే."
చానాసేపటికి,
"ఒక్కలన్న అడిగి ఉంటే, పిల్లా."
లేసి లోపలికి పోయి
మా దిండ్లు రెండు తెచ్చి ఎండకేసింది.

ఇయ్యాల తెల్లారుగట్ల, గోలీకి ముందు,
"నవ్వుతవే, నా ఎగురుడు చూసి," అన్నడు మార్కండి.
నవ్విన. ఏం జేయాలె.
ఆయన చెయ్యి నా ఈపు మీద ఆగదు,
జారుతది, మల్ల ఎతుక్కుంటది,
గాజులు ఎక్కడున్నయో దానికి తెలుసు.
అయిందా అంటే, కాలే.
సగంల ఇద్దరికి నవ్వొచ్చింది, దమ్మొచ్చింది,
ఆయన నుదురు నా మెడల పెట్టుకొని అట్లనే ఉన్నడు,
కాళ్లు మాత్రం వాటి దారిన అవి.

ఒక దిండు కాళ్లకాడ ఎక్కడో పడ్డది.
ఇంకోటి అత్త తలకింద,
వాకిట్లనే.