తరుగుకు సంజాయిషీ

అయ్యా,
తమరి మెమో అందింది.
కందుకూరు వసతి గృహం, కూరగాయల రిజిస్టరు,
నూట పద్నాలుగో పేజీ,
తరుగు గడిలో 'లేదు' అని రాసినందుకు
మూడు రోజుల్లో సంజాయిషీ ఇమ్మన్నారు.
ఇది నాలుగో రోజు. దానికి కూడా మన్నించాలి.

బియ్యానికి ప్రారంభ నిల్వ ఉంటుంది,
కందిపప్పుకి ముగింపు నిల్వ ఉంటుంది,
పచ్చి సరుకుకి రెండూ సున్నాలే.
పొద్దున వచ్చింది రాత్రికి ఉండదు.
మధ్యలో ఒక్క గడి, తరుగు.
నూటికి ఐదు.
కుళ్ళినా ఐదు, కుళ్ళకున్నా ఐదు.
పదకొండేళ్ళు రాశాను,
చెయ్యి దానంతటదే రాసేది.

మాలకొండమ్మ నలభై కిలోలు తెస్తే
ముప్పై ఎనిమిదికే చీటీ ఇచ్చేవాణ్ణి.
మన్నేటి ఒడ్డున అరెకరం ఆమెది,
సగం వంగ, సగం బీర, గట్టు మీద గోంగూర.
నాలుగున్నరకే కోసి, మంచు ఆరకముందే
గోతాం మీద తడిగుడ్డ కప్పి ఆటోలో తెస్తుంది.
ఆ గుడ్డ ఆమె పాత చీర,
అంచు ఇంకా ఎర్రగానే ఉంది.

వంకాయ కిలో ఇరవై రెండని
జూన్‌లో కమిటీ కట్టిన రేటు.
కార్తీకంలో తుఫాను పట్టి
బజార్లో అరవై పలికిన రోజు
మన గేటు దగ్గరే మారుబేరగాడు బండి ఆపాడు.
"అవ్వా, అరవై ఐదు. చేతిలో నోట్లు."
ఆమె గోతాన్ని మన కాటా మీదకే ఎక్కించింది.
నేనే ఆగలేక అడిగాను.
"మొన్న మాఘంలో బజారు నాలుక్కి పడ్డప్పుడు
మీరు ఇరవై రెండు ఇచ్చారు గదయ్యా.
ఇచ్చారంటే, రాశారు. ఇంకా రాలేదనుకో.
మాటైతే ఉండాది గదా."

ఆ బిల్లు, అయ్యా,
మా ఊరు ప్రకాశంలో ఉండగా బయల్దేరింది.
ఒంగోలు చేరేలోగా మమ్మల్ని నెల్లూరులో కలిపారు.
బోర్డులు మారాయి, రబ్బరు స్టాంపులు మారాయి,
బిల్లు మాత్రం
టంగుటూరు టోల్‌గేటు దగ్గర చిల్లర లేక
ఆగిపోయినట్టుంది.

ఆ రోజు చీటీ మీద
ముప్పై ఎనిమిది రాయబోతే చెయ్యి ఆగింది.
ఆ రెండు కిలోలు ఎటు పోతున్నాయో చూద్దామని
వంటింట్లోకి వెళ్ళాను,
పదకొండేళ్ళలో మొదటిసారి.

మీరాంబి కత్తిపీట ముందు కూర్చుని ఉంది.
వంకాయ ముచ్చికలు పప్పులో వేస్తుందట.
బీర చెక్కు పచ్చడికి, నువ్వులు దొరికిననాడు.
గోంగూర కాడలు ఆమె మేకపోతుకి.
పుచ్చులన్నీ పక్కన పెట్టమని
కాటా తెప్పించి తూచాను.
ఏడు వందల గ్రాములు.
అందులో పురుగుల బరువు కూడా ఉంది.
"ఇంతేనా తరుగు?" అన్నాను.
"తరిగేది నేను సారూ,
తరుగు రాసేది మీరు,"
అంది తలెత్తకుండా.

వారానికి రెండు తూకాలు, ఆరేళ్ళు.
సెలవులు తీసేసి పేజీ వెనక
పెన్సిలుతో లెక్క కట్టాను, తమరు చూసే ఉంటారు.
తొమ్మిది క్వింటాళ్ళ అరవై కిలోలు
నూట ఇరవై మంది పిల్లలు తింటే
కుళ్ళిపోయిందని రాశాను.

మెమోలో
'నలభై నాలుగు రూపాయల అధిక చెల్లింపు' అన్నారు.
చెల్లింపే జరగలేదు కదా,
అధికం ఎక్కడిదో నాకు తెలియలేదు.
అయినా రూలు రూలే,
నలభై నాలుగూ జతచేశాను, రసీదు ఇప్పించగలరు.

ఇవాళ బీరకాయలు వచ్చాయి.
రెండు వంకర తిరిగాయి, ఒకటి ముదిరింది.
తరుగు గడి ప్రస్తుతానికి ఖాళీ,
మీరాంబి లేచాక రాస్తాను.
చిత్తగించవలెను.

తాజా కలం:
ఈ కాగితం మూల తడి చూసి
మరోలా అనుకోవద్దు.
కాటా బల్ల మీదే పెట్టి రాశాను,
అది గోతాం తడి.