ఇరవై నిమిషాల రాయి

శ్రీనివాసం ఎదురుగ్గా, టూరు బస్సుల కౌంటర్లో
గాజు కిటికీ వెనక పిల్ల అడిగింది:
"ప్యాకేజీనా అవ్వా, నీపాటికి నువ్వే పొయ్యొస్తావా?
ప్యాకేజీకైతే ఏసీ బస్సు, గైడు, నీళ్ల బాటిలు.
చంద్రగిరి కోట, మంగాపురం,
దోవలో వీరగల్లు, ఇరవై నిమిషాలు."

ఆ ఇరవై నిమిషాలు నాకు తెలుసు.
ముప్పై ఒక్క ఏండ్లు వాటిని మా ఇంట్లోనే
నానబెట్టి రుబ్బినాడు మా చెంగల్రాయుడు.
తెలుగులో ఒకసారి, అరవంలో ఒకసారి,
గడ్డానికి సబ్బు నురగతో అద్దం ముందర హిందీలో ఒకసారి:
"ఇటు చూడండి. వీరుడు. ఎడమ చేత విల్లు.
ఆవుల మంద కోసం పోరాడి
ఈడనే... ఒరిగినాడు."
పప్పుకు తాలింపు పెడతా వింటా ఉంటి.
రాయిని మాత్రం ఎప్పుడూ చూళ్లేదు.
టికెట్టు కొని మొగుని మాట వినేదానికి
నాకేం పిచ్చా?

ఇప్పుడు కొన్నా. కిటికీ పక్క సీటు.

గైడు పిల్లోడు హేమాద్రి. మీసం ఇంకా కుదరలేదు.
మైకులో రెండుసార్లు ఊది మొదలుపెట్టినాడు.
నా గుండె ఒక మెట్టు దిగింది.
అవే మాటలు. "ఈడనే" కాడ అదే ఆగడం.
ఊపిరి తీసుకునే చోటు కూడా ఆయనదే.

దిగినాం. ముందర సెల్ఫీ కర్రలు, వెనక నేను.
ముప్పై తలకాయల సందులో
రాయి మోకాలంత కనబడింది.
"కాళ్ల కాడ చూడండి, కుక్క. దాని పేరు మువ్వ.
యజమాని పడినాక మూడు దినాలు కూడు ముట్టలేదు."
ఒకామె చున్నీతో కండ్లు ఒత్తుకునింది.

మువ్వ.
ఆ పేరు పెట్టింది నేను.
ఒక వానపొద్దు ఆయన పొయ్యి కాడికొచ్చి
"కుక్కకు పేరు లేకుంటే జనం కరగడం లేదుమే,
ఒకటి చెప్పు" అంటే
గరిటె తిప్పతా, తల తిప్పకుండా అన్నమాట.
మా పుట్టింటి మేక పేరు అది.
మూడు దినాల పస్తు మాత్రం నాది కాదు.
ఆయనదో, ఈ పిల్లోడిదో.

విజిలేసినాడు. ఇరవై నిమిషాలు అయిపోయినాయి.
చెప్పాలనుకున్నా, చెప్పలేదు.
చెబితే ఆమె కన్నీళ్లు ఎవురు వెనక్కిస్తారు?

తరువాతి వారం పల్లెవెలుగు ఎక్కినా.
రాయికి స్టాపే లేదన్నాడు కండక్టరు.
చింతచెట్ల మలుపు కాడ దించి
"నాలుక్కో బస్సు, తప్పితే ఆరుకి" అని
రైట్ రైట్ కొట్టి పోయినాడు.
ఎండ. చెప్పు తెగింది.
చెనక్కాయ చేలో ముసలామె చెయ్యి చూపించిన దిక్కు పోతే
అది సర్వే రాయి.
ఎందుకైనా మంచిదని దానికీ దండం పెట్టినా.

కడాకు దొరికింది.
ఇటు చూడమని ఎవురూ అనలేదు,
ఎటు చూడాల్నో కొంచేపు తెలీలేదు.
మెడ కాడ కందిరీగల గూడు.
విల్లు ఎడమ చేతిలోనే ఉంది, ఆయన అబద్ధం చెప్పలేదు.
మొగం అరిగిపోయి ఎవురిదైనా కావచ్చు.
కాళ్ల కాడ కూలబడి వేలితో తడిమినా:
పొడుగు చెవి. కుచ్చు తోక.

మేకలు తోలుకొచ్చిన గెంగులప్ప నిలబడి చూసి
"కుక్క యాడిదమ్మా, అది దూడ.
మా తాతల నాటి నుంచీ దూడే.
టూరు బస్సు వచ్చినప్పుడే కుక్క అవతాది" అన్నాడు.

నవ్వొచ్చింది. నవ్వు నడుమ ఇంకోటి రాబోతే
కొంగు అడ్డం పెట్టుకున్నా.
బాటిల్లో మిగిలిన నీళ్లు దాని మీద పోసినా.
తడిసినాక మళ్లీ కుక్కలాగే ఉంది.

నాలుగు గంటల బస్సు దూరంగా
హారన్ కొట్టుకుంటా పోయింది.
లేసి, చీర దులుపుకుని, గొంతు సవరించి
"ఇటు చూడండి" అన్నా.
గెంగులప్ప చూసినాడు. రెండు మేకలు కూడా.
వీరుడు, అన్నా. ఎడమ చేత విల్లు, అన్నా.
ఆవుల మంద కోసం పోరాడి
ఈడనే, అన్నా.
ఆయన ఆగే చోట ఆగినా.