పప్పు ఉడికే నీళ్లు

చండూరు దాటినంక మూడువందల బోర్ల లెక్కలు
మేం నెలల తరబడి మింగబెట్టిన మోడల్
మా ఊరి పడమటి బోరు మీద
ఎర్రచుక్క పెట్టింది.

నవ్విన.
ఆ నీళ్లే మాకు తియ్యన.
కందిపప్పు రెండు పొంగులకే మెత్తబడేది,
పెండ్లికొచ్చిన చుట్టాలు
బిందె నింపుకోనిదే బస్సెక్కేటోళ్లు కాదు.

అయినా సీసా పట్టి ల్యాబులో పెడితే
నాలుగు పాయింట్ రెండు.

ఎందుకని మోడల్‌ను గుచ్చి గుచ్చి అడిగిన.
అది మాటాడలే,
కాల్షియం వరుసను ముందుకు నెట్టింది.
సున్నం తక్కువున్న నీళ్లకే పప్పు తొందరగ ఉడుకుతది,
సున్నం లేనికాడే ఫ్లోరైడు కాళ్లు జాపుకుంటది.
రెండు ముక్కలూ పుస్తకంల చదివిన్నే,
ఒక్క పొయ్యి మీద ఎన్నడూ పెట్టలే.

అమ్మ మోకాళ్లు
గచ్చు మీద లేవలేక మూల్గింది
ఏ పప్పు తినో.

పటంల రేగుమాను తండా మాత్రం పచ్చగుంది.
అక్కడ ఒక్క సీసా కూడా ఎవరూ పట్టలే,
పక్కూర్ల రంగు దెచ్చి పూసింది,
తెల్వదనడం దానికి మేం నేర్పలే.

స్కూటీ మీద పోయిన.
రూప్లీబాయి బోరు కొడుతుంటే
కిట్టు ఇంకా తియ్యకముందే నోరు జారింది:
"అక్కా, ఈ నీళ్లకు పప్పెట్ల ఉడుకుతది?"

"మస్తు జల్ది," అన్నది
మురిపెంగ.

సీసా మీద తారీఖు రాస్తుంటే
మార్కర్ రెండుసార్లు ఆగింది.