గుండీల సొరుగు

మా అమ్మకు వినపడదు.
మూడేళ్ళప్పుడు జ్వరంలో పోయిందట.
ఏం పోయిందమ్మా అంటే
"కుక్కల అరుపులు" అంటుంది చేతుల్తో.
వల్పరైసో కొండల మీద ఎన్ని కుక్కలో తెలిసినవాళ్ళకి
అదేమంత నష్టం కాదని నవ్వుతుంది.

ఆమె భాషకి రెండు చేతులు కావాలి,
ఎదుటివాళ్ళవి రెండు కళ్ళు.
అంతే పెట్టుబడి.
చూపు తిప్పుకోవడమే మా ఇంట్లో
పెడచెవిన పెట్టడం.
చిన్నప్పుడు అలిగితే కళ్ళు గట్టిగా మూసేసుకునేవాణ్ణి,
అంతకు మించిన తిట్టు మాకు లేదు.
తెరిచేదాకా
నా రెప్పల మీద ఊదేది అమ్మ.

ఆదివారం సాయంత్రం టీకి
అందరం కొండెక్కి వస్తాం.
రేవులో క్రేను దిగి నేను,
ఆస్పత్రి నైట్ డ్యూటీకి ముందు అక్క ఎర్మిండా,
చేపల లారీ కింద ఆపి తమ్ముడు నిబాల్దో,
పదకొండేళ్ళ వాడి కూతురు రయెన్.
కుట్టుబల్ల మీదే గుడ్డ పరిచి
వేడి రొట్టె, ఉప్పేసి మెదిపిన అవకాడో.
ఒక చేతిలో రొట్టె, ఒక చేతిలో ఫోను.
మాట్లాడ్డానికి మూడో చెయ్యి
దేవుడు ఎవరికీ ఇవ్వలేదు.

అమ్మ చెబుతూనే ఉంటుంది.
మూలమీది దర్జీ కొట్టు మూసేశారని,
ఒక పెళ్ళిగౌను నడుము
మూడుసార్లు విప్పి కుట్టానని.
మేం తలలూపుతాం,
ఊపాల్సిన చోట కాకపోయినా.
చెవిటివాడి ముందు శంఖం అంటారే,
మా బల్ల దగ్గర శంఖం అమ్మది,
చెవుడు మాది.

మొన్న ఆదివారం
చెప్పడం మధ్యలో ఆపేసింది.
ఆపిన సంగతే ఎవరికీ తెలీలేదు.
లేచి లైటు ఆర్పింది.

ఒకసారి ఆర్పి వెలిగిస్తే
"ఇటు చూడండి" అని అర్థం మా ఇంట్లో.
ఈసారి వెలిగించలేదు.

చీకట్లో నాలుగు మొహాలు
నీలంగా, విడివిడిగా,
ఎవరి వెలుగు వాళ్ళ మీదే.
అమ్మ మీద ఎవరిదీ పడటం లేదు.

ముందు నా తెర ఆరింది, తర్వాత రయెన్‌ది, అక్కది.
నిబాల్దో ఏదో టైపు చేస్తున్నాడు. చివరికి వాడిదీ.
"కరెంటు పోయిందా?"
"అమ్మ ఆర్పింది."
మా మాటలు గదంతా తిరుగుతున్నాయి
ఆమెకు తగలకుండా.
ఇన్నాళ్ళూ ఆమె ఎక్కడ కూర్చుందో
అప్పుడు తెలిసింది.

రయెన్ కుర్చీ దిగి
తడుముకుంటూ వెళ్ళింది.
నానమ్మ అరచెయ్యి తెరిచి
వేలితో ఏదో రాసింది.
ఏం రాసిందో ఇద్దరూ ఇప్పటికీ చెప్పరు.

లైటు వెలిగింది.
అమ్మకి కోపం లేదు, అదే కష్టంగా ఉంది.
బల్ల సొరుగు లాగింది.
ఆల్చిప్పవి, ఇత్తడివి, జత తప్పినవి, గుప్పెళ్ళకొద్దీ గుండీలు.
"అన్నీ ఊడిపోయినవే" అన్నాయి చేతులు,
"కుడితే పనికొస్తాయి."
నాలుగు ఫోన్లనీ వాటి మధ్య పడుకోబెట్టి మూసింది.

కాసేపు మా చేతులకేం తోచలేదు.
నేను రొట్టెని పొడి చేశాను.
అక్క పెళ్ళికొడుకు అనబోయి
వేళ్ళు తడబడి గాడిద అంది.
అమ్మ పడీ పడీ నవ్వింది.
శ్రుతి ఎరగని ఆ పెద్ద నవ్వుకి
కింద వీధి కుక్కలన్నీ జవాబిచ్చాయి.
ఆమెకి ఆ సంగతి ఎవరం చెప్పలేదు.

పెళ్ళిగౌను కథ మళ్ళీ మొదట్నుంచీ.
నడుము మూడుసార్లు ఎందుకు విప్పాల్సొచ్చిందో తెలిసి
నిబాల్దోకి టీ పొలమారింది.

నడిమధ్యలో అమ్మ ఆగింది.
మోచేతులు బల్ల మీద ఆన్చి
మమ్మల్ని వరసగా చూసింది.
నా దగ్గర ఒక్క క్షణం ఎక్కువ.
తర్వాత మోచేతులెత్తి
గాల్లో కథ సాగించింది.

రాత్రి వెళ్ళేముందు సొరుగు తెరిస్తే
ఫోర్‌మన్‌వి మూడు మిస్డ్ కాల్స్.
గుండీల మీద నా ఫోను అంతసేపు వణికితే
చెవులున్న నలుగురికీ వినపడలేదు.
ఆమెకు తెలిసింది.
చెప్పలేదు.