ఎంత బిగించాలో

ఆదివారం పొద్దున్న
బారువలో మా ఇంటి ముందు
గోనెసంచి మీద వెల్లకిలా నేను.
కారు కిందనుంచి చూస్తే లోకం
బాగా దగ్గరగా, జిడ్డుగా ఉంటుంది.
ఇదివరకు చక్రాల కింద ఇటుకలు పెట్టేదాన్ని.
"ఇటికిని నమ్మకండి సిస్టరమ్మా, సెప్పకుండా పగిలిపోద్ది" అని
తవిటయ్య రెండు ఇనప స్టాండ్లు ఇచ్చాడు,
తిరిగి అడగలేదు.

పదిహేడో నంబరు పానాతో ఒక్క తోపు,
నూనె మణికట్టు మీదుగా మోచేతికి జారి
బేసిన్లో పడుతుంది.
నల్లగా వచ్చిందంటే మంచిదేనట,
మురికి ఇంజను దాచుకోలేదన్న మాట.

వారమంతా సోంపేట ఆసుపత్రిలో
నా పని వడపోతే.
కొబ్బరితోటల మనుషుల రక్తం
గొట్టంలోంచి వెళ్ళి గొట్టంలోంచి రావడం
నాలుగేసి గంటలు చూస్తాను.
ఆదివారం కూడా ఫిల్టరేనా, అని మా చెల్లి నవ్వుతుంది.
ఔను.
కానీ ఇది విప్పి పారేసి కొత్తది బిగిస్తే
మళ్ళీ ఐదువేల కిలోమీటర్లదాకా
నన్నేమీ అడగదు.

డ్యాష్‌బోర్డు అరలో నోటుపుస్తకం.
ఎడం పేజీ నాది:
ఆయిలు, గాలి ఫిల్టరు, ప్లగ్గులు,
బ్యాటరీ కొనల మీద తెల్లబూజుకి వేడినీళ్ళు,
సముద్రపు గాలి కొరికిన చోటల్లా రెడాక్సైడు.
కుడి పేజీ తవిటయ్యది:
బ్రేకులు, క్లచ్చి, టైమింగు బెల్టు,
నాకు పేరు తెలియని చప్పుళ్ళు.
"ఎల్లే యవ్వారం మీరు సూసుకోండి,
ఆగే యవ్వారం నాకొగ్గీండి."

అతన్ని తవుడుకి కొన్నారట.
ముందు పుట్టినవాళ్ళు దక్కలేదని
పొరుగావిడ చేటెడు తవుడిచ్చి కొనుక్కుని
మళ్ళీ తల్లి ఒళ్ళోనే పెట్టిందట.
కంచిలి రోడ్డు మీద అతని షెడ్డు చూడండి,
ఎవరో పారేయమన్న కార్బురేటర్లు
మేకులకి వేలాడుతూ ఉంటాయి.

మొదటిసారి డ్రెయిను బోల్టు
నా బలమంతా పెట్టి బిగించి మర చెడగొట్టాను.
తిట్టలేదు.
కొత్త మర కోసి, నా చేత పానా పట్టించి,
"ఇంకొంచెం అనిపిత్తాది సూడండి, అక్కడ ఆపీయాల.
మరకి నలభై. బుద్దికి డబ్బుల్లేవు."

పోయిన నెల
జీడితోటల మలుపు దగ్గర బండిలో ఒక అరుపు మొదలైంది.
స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి
పిడి చెవికి పెట్టుకున్నాడు.
చాలాసేపు పెట్టుకున్నాడు.
చెవి మార్చాడు.
కుర్రాణ్ణి టీకి పంపాడు.
పిడి నా చేతికిచ్చి, బోనెట్లోకే చూస్తూ అన్నాడు:
"నాకినబడ్డం నేదు. మీరు సెప్పండి."

స్టెత్ తెస్తానన్నాను.
"అది మనుసులికమ్మా."
పిడి చెవికి పెట్టుకుంటే
ఇంజనంతా నా తలలోకి వచ్చి కూచుంది.
టిక్కుటిక్కు కాదు, అన్నాను,
తడి ఇసకలో చెప్పు ఈడ్చినట్టు.
కళ్ళు మూసుకున్నాడు.
"రేసు ఇత్తే పెరుగుతాందా?"
పెరుగుతోంది.
"పంపు కాడా, పైనా?"
పంపు దగ్గర.
విప్పితే వాటర్‌పంపు బేరింగు
తుప్పునీళ్ళతో అతని అరచేతిలో రాలింది.

"ఎవులికీ సెప్పకండి" అన్నాడు.
మా వార్డులో రోజూ వినే మాటే,
తలూపాను.

ఇప్పుడు ఆదివారం నా ఆయిలు పనయ్యాక
ఒక గంట షెడ్డుకి వెళుతున్నాను.
లగేజీ ఆటో, పెళ్ళిళ్ళ వ్యాను, ఎవరిదో ట్రాక్టరు,
నేను విని చెబుతాను, అతను విప్పుతాడు.
కుర్రాడికి అర్థమయ్యే ఉంటుంది,
టీకి తనే వెళుతున్నాడు.

శ్రీకాకుళం చెవుల డాక్టరుకి చీటీ రాసిచ్చాను.
"బళ్ళున్నాయమ్మా, ఈ నెల ఎల్లిపోనీండి" అంటాడు,
సర్వీసు ఒక్క వారం ఆలస్యమైతే
నన్ను నిలబెట్టి అడిగే మనిషి.
చీటీ ప్లగ్గుల డబ్బా కింద ఉంది,
దాని మీద గ్రీజు వేలిముద్రలు రెండు.
అంటే, తీసి చూశాడు.

ఇంకో మాట అనబోయి
చేతిలో పానా వంక చూసుకున్నాను.