ఎడమ చూపుడువేలు

ఆఫీసు గుమ్మం దగ్గర వేలిముద్రల మిషను
ఈ మధ్య నన్ను గుర్తుపట్టడం లేదు.
ఎడమ చూపుడువేలు పెడితే ఎర్రలైటు.
పమిటకి తుడిచి పెట్టాను, ఊది పెట్టాను.
వెనక లైన్లో ముగ్గురు వాచీలు చూసుకున్నారు.
"గిన్నెలు ఎక్కువ తోముతున్నారా మేడమ్?"
అన్నాడు సెక్యూరిటీ ఇళంగో.
కాదు నాయనా,
నలభై నాలుగేళ్లొచ్చాక
సరళీ వరసలు తోముతున్నాను.

పెరంబూరులో, ఒక ఇస్త్రీ కొట్టు పైన
కోదై టీచర్ ఇల్లు.
శని, ఆదివారాలు, పొద్దున్న ఆరున్నర.
కుడికాలి చీలమండ మీద వయొలిన్ తల ఆనించి
తొలి నెల నేను వాయించింది
ఏ రాగమో ఆమెకీ తెలీదు.
కింద ఇస్త్రీ ఆయన మాత్రం
బొగ్గులు విసరడం ఆపి కేకేశాడు,
తలుపుకి నూనె వెయ్యమని.

వీణకైతే మెట్లుంటాయి. దీనికి లేవు.
కరెంటు పోయిన వంటింట్లో
అగ్గిపెట్టె తడుముకున్నట్టు
గాంధారం తడుముకోవాలి.
కొన్నాళ్లు ఉప్పుడబ్బా చేతికొస్తుంది.

ఇంట్లో గ్రైండరు పంచమంలో తిరుగుతుంది.
మినప్పప్పు మెదిగేకొద్దీ
శ్రుతి వెంట్రుకవాసి పైకి పోతుంది.
మా ఆయనకి చెబితే
"గారెలు ఏ తాళంలో వేస్తావు?" అన్నాడు.
అయినా పేపరు మడిచి
కాసేపు విన్నాడు. నేను చూశాను.

టీచర్‌కి తెలుగు రాదు.
ముప్పై ఏళ్లుగా పాడేది మాత్రం తెలుగే.
అరవ అక్షరాల్లో రాసుకున్న నోటుబుక్కు,
ఏ 'క' ఏ 'గ'నో మర్చిపోకుండా
పైన పెన్సిల్‌తో చిన్న చిన్న అంకెలు.
మొన్న ఆదివారం కమాను ఆపి అడిగింది:
"ఈ అలుగ అంటే, కోపమే గదా?"

"అలుక, టీచర్.
కోపమే. కానీ
బతిమాలతారని తెలిసి తెచ్చుకునే కోపం.
తలుపు వేసుకుని
గడియ పెట్టకపోవడం."

ఆమె ఏం మాట్లాడలేదు.
కింద తడిబట్ట మీద ఇస్త్రీపెట్టె సుయ్‌మంది.
తర్వాత అదే సంగతి మళ్లీ వాయించింది.
ఇన్నేళ్లూ గట్టిగా నొక్కిన నిషాదాన్ని
ఈసారి సగంలో వదిలేసింది.
అది వెళ్లిపోతున్నట్టే వెళ్లి
గుమ్మంలో నిలబడింది.
"ఇదా," అంది. నాతో కాదు.

ఈ నెల ఫీజు సగమే తీసుకుంది.
మిగతా సగానికి
అర్థాలు కావలసిన మాటలు పదకొండు
చీటీ రాసిచ్చింది.
అందులో రెండు నాకూ తెలీవు.
అమ్మకి ఫోన్ చెయ్యాలి.

సోమవారం మళ్లీ ఎర్రలైటు.
కుడిచేతి వేలు ఎక్కించుకోమని
ఒక ఫారం చేతిలో పెట్టారు.
పేరు, నంబరు, విభాగం,
ముద్ర మార్చుకోవడానికి కారణం.
ఆ గడి దగ్గర పెన్ను చాలాసేపు ఆగింది.
'గాంధారం' అని రాశాను.
గుమాస్తా అదేదో చర్మవ్యాధి అనుకుని
జాలిగా చూసి
స్టాంపు గుద్దాడు.